కిల్టు ఎవరి సొత్తు?

ఒక జాతి సంప్రదాయంగా కట్టుకునే దుస్తుల్ని మరో జాతివారు కట్టుకోవచ్చునా అన్న ప్రశ్నకు సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. దుస్తులు వంశం వెంట వచ్చే వారసత్వమనీ, ఆ వంశంలో పుట్టనివారికి వాటిమీద హక్కు లేదనీ మొదటి సమాధానం. గుడ్డ గుడ్డే, డబ్బిచ్చి కొనుక్కున్నవాడు కట్టుకుంటాడు, ఇందులో తర్కించడానికి ఏమీ లేదనేది రెండోది. మొదటివారికి పుట్టుక ప్రమాణం, రెండోవారికి అంగడి ప్రమాణం. ఇద్దరూ చరిత్రను పక్కన పెట్టినవారే. స్కాట్లండు మగవాళ్ళు కట్టే కిల్టు కథను పరిశీలిస్తే ఈ రెండు సమాధానాలూ ఎక్కడ నిలబడవో తెలుస్తుంది. పైగా ఆ కథలో ఒక ప్రసిద్ధ నవలాకారుడికి పెద్ద పాత్ర వుంది. అందువల్ల అది సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకోదగినది.

కిల్టు అంటే నడుము నుంచి మోకాళ్ళ దాకా వచ్చే, వెనకవైపు కుచ్చిళ్ళు పోసిన గళ్ళ ఉన్ని వస్త్రం. ఆ గళ్ళ నేతను టార్టాన్ అంటారు. స్కాట్లండు ఉత్తరాన వున్న హైలాండ్స్ అనే కొండసీమలో క్లాన్ అని పిలిచే గణాలు వుండేవనీ, ఒక్కొక్క గణానికి ఒక్కొక్క టార్టాన్ అనాదిగా వస్తున్నదనీ ప్రజల్లో గట్టి నమ్మకం వుంది. చరిత్ర చెప్పేది వేరు. 16వ శతాబ్దం చివరినాటికి ఆ కొండసీమ మగవాళ్ళు పెద్ద ఉన్ని దుప్పటిని కుచ్చిళ్ళు పెట్టి, నడుముకు పటకా బిగించి, మిగిలిన భాగాన్ని భుజం మీద వేసుకునేవారు. పగలు అది బట్ట, రాత్రి అదే పక్క. దాని కింది సగం మాత్రమే మిగిలిన పొట్టి కిల్టు 18వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో వచ్చింది. కొలిమి పనివాళ్ళ సౌకర్యం కోసం థామస్ రాలిన్సన్ అనే ఇంగ్లీషు ఇనుప కర్మాగారం యజమాని దాన్ని అలా కత్తిరించాడని 1785లో అచ్చయిన ఒక ఉత్తరం చెబుతుంది. దీన్ని ఒప్పుకోని చరిత్రకారులూ వున్నారు. ఎవరు కత్తిరించినా అది శ్రమచేసేవాడి బట్టే. ఎడింబరో పెద్దమనుషుల దృష్టిలో ఆ కాలపు కొండజనం పశువుల దొంగలు, అనాగరికులు. వాళ్ళ బట్ట కట్టుకోవాలని ఏ పెద్దమనిషీ అనుకోలేదు.

1745లో స్టూవర్టు వంశపు రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డ్ లండన్ సింహాసనం కోసం తిరుగుబాటు లేవదీసినప్పుడు కొండసీమ గణాలు అనేకం అతని వెంట నడిచాయి. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్ దగ్గర ఆ సైన్యం ధ్వంసమైంది. ఆ ఏడే పార్లమెంటు కొండసీమ మగవాళ్ళ దుస్తుల్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అది 1747 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. కిల్టు గాని టార్టాన్ గాని వేసుకుంటే మొదటి నేరానికి ఆరు నెలల జైలు, రెండో నేరానికి సముద్రాల కవతల తోటలకు ఏడేళ్ళ ప్రవాసం. ఎవరు ఏమి కట్టాలో శాసించడం పాలకులకు కొత్త కాదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు ఒంటిమీద పైబట్ట కప్పుకునే హక్కు కోసం 1859 దాకా పోరాడవలసి వచ్చింది.

అయితే ఈ చట్టంలో ఒక మినహాయింపు వుంది. బ్రిటిష్ సైన్యంలో చేరినవాడు కిల్టు కట్టవచ్చు. సొంత పొలంలో కడితే నేరం, రాజుగారి యుద్ధంలో కడితే గౌరవం! నిషేధం నడిచిన 35 ఏళ్ళూ కిల్టు బతికింది ప్రధానంగా పటాలాలలోనే. మన దేశానికి దాని పరిచయం కూడా ఆ దారినే జరిగింది. 1857 నవంబరులో లక్నోలోని సికందర్ బాగ్ మీద విరుచుకుపడిన 93వ హైలాండర్ల పటాలం కిల్టులతోనే యుద్ధం చేసింది. వలస సైనికుడి ఒంటిమీద దాన్ని చూసిన జనానికి, అది ఒకప్పుడు వలసపాలకుడే నిషేధించిన బట్ట అని తెలిసే అవకాశం లేదు.

1782లో నిషేధం ఎత్తివేశారు. అందుకు కృషి చేసింది 1778లో లండన్‌లో ఏర్పడిన హైలాండ్ సొసైటీ. అందులో ముందున్నవారు భూస్వాములు, సైనికాధికారులు. అప్పటికి ఒక తరం గడిచిపోయింది, సామాన్యులు లాగులకు అలవాటుపడిపోయారు. కిల్టును ఉత్సాహంగా తొడుక్కున్నవారు ధనికులే. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చాడు. ఆ స్వాగత సంబరాల సూత్రధారి నవలాకారుడు వాల్టర్ స్కాట్. 1814లో వెలువడిన 'వేవర్లీ'తో కొండసీమ వీరగాథలను ఇంగ్లీషు పాఠకలోకానికి ఇష్టమైన సరుకుగా మార్చినవాడు. స్థూలకాయుడైన రాజు గులాబీరంగు మేజోళ్ళ మీద కిల్టు కట్టి దర్బారు చేశాడు. ఆ వేషానికి దర్జీ బిల్లు 1,354 పౌండ్లు. నిన్నటిదాకా కొండజనాన్ని ఈసడించిన మైదానపు ప్రభువులు అనేకులు ఆ గళ్ళ బట్టల్లో ఊరేగారు.

సరిగ్గా అదే కాలంలో కొండసీమలో ఏమి జరుగుతున్నదో చూడాలి. గొర్రెల మేతకు భూమి కావాలని భూస్వాములు రైతుల్ని ఊళ్ళకు ఊళ్ళుగా వెళ్ళగొడుతున్నారు. సదర్లండ్ ప్రభ్వి ఎస్టేటులో 1814 నుంచి 1820 వరకు సుమారు 3,000 కుటుంబాలకు చెందిన 15,000 మందిని తరిమేశారనీ, 1825 నాటికి వాళ్ళ స్థానంలో 1,31,000 గొర్రెలు చేరాయనీ మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలో లెక్కలతో రాశాడు. లక్నోలో యుద్ధం చేసిన 93వ పటాలాన్ని 1799లో తొలిసారి సమీకరించింది ఆ సదర్లండ్ ఎస్టేటు రైతు కుటుంబాల నుంచే. కొడుకులు కిల్టు కట్టి సామ్రాజ్యానికి కాపలా కాస్తుంటే తల్లిదండ్రుల గుడిసెలు తగలబడ్డాయి. మనుషుల్ని ఊళ్ళనుంచి తరిమి, వాళ్ళ బట్టను దర్బారులోకి తెచ్చుకున్నారు. కిల్టు విషయంలో అసలైన అపహరణ ఇదే. ఇది చేసినవారు పరజాతివారు కాదు, సాటి స్కాటిష్ ప్రభువులే, గణనాయకులే.

ఇక గణానికో టార్టాన్ అన్న సంగతి. 1815లో లండన్ హైలాండ్ సొసైటీ గణనాయకుల్ని తమ తమ టార్టాన్ నమూనాలు పంపమని కోరింది. తన గళ్ళు ఏవో తనకే తెలియవన్న నాయకులు కూడా అందులో వున్నారు. బానక్‌బర్న్‌లోని విల్సన్ నేత సంస్థ నమూనాలకు పేర్లు పెట్టి అమ్మింది. వెస్టిండీస్‌లో బానిసలకు తొడగడానికి కిడ్ అనే వ్యక్తి టోకున కొన్న నేతే తరవాత మెక్‌ఫర్సన్ గణపు టార్టాన్ అయిందని చరిత్రకారుడు ట్రెవర్-రోపర్ రాశాడు. 1842లో ఇద్దరు సోదరులు ప్రాచీన గ్రంథమంటూ ప్రచురించిన టార్టాన్ల పుస్తకం కూటసృష్టి అని తేలింది. 1983లో హాబ్స్‌బామ్, రేంజర్ సంపాదకత్వంలో వచ్చిన 'సంప్రదాయ కల్పన' అనే వ్యాససంపుటిలో ట్రెవర్-రోపర్ ఈ సంగతులన్నీ వివరించాడు. కొండసీమకు సొంతంగా పాతదేమీ లేదన్నంత దూరం ఆయన పోయాడన్న విమర్శలో న్యాయం వుంది. గళ్ళ నేత అక్కడ చాలా పాతది. కొత్తగా వచ్చింది వంశం పేరుతో దానికి కట్టిన కంచె.

కాబట్టి రక్తసంబంధం లేనివాడు కిల్టు కట్టకూడదన్న వాదానికి పునాది లేదు. స్కాట్లండులో చట్టం ఎవరినీ అడ్డదు. పెళ్ళిళ్ళకు వచ్చిన పరదేశి అతిథులు కిల్టు అద్దెకు తెచ్చుకుని కడితే అక్కడివారు సంతోషిస్తారు. 2009 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ టార్టాన్ రిజిస్టరులో అక్కడ స్థిరపడిన సిక్కుల పేర, ముస్లింల పేర కూడా టార్టాన్లు చోటు చేసుకున్నాయి. ప్రపంచమంతటా అమ్ముడుపోయే కిల్టులు అనేకం పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్ పనివాళ్ళ చేతులమీదుగా వస్తున్నవే. వాటిని కుట్టేవాడికి కట్టుకునే హక్కు లేదనడం హాస్యాస్పదం.

అంతమాత్రాన అంగడివాదం గెలిచినట్లు కాదు. ఎర్రజుట్టు విగ్గుతో కలిపి, తాగుబోతు వేషానికి కిల్టును అమ్మే దుకాణాలున్నాయి. అక్కడ అమ్ముడవుతున్నది బట్ట కాదు, ఒక జాతిమీద ఎగతాళి. అన్ని దుస్తులూ ఒకటి కావు కూడా. ఉత్తర అమెరికా మైదానాల ఆదివాసులు ధరించే గద్ద ఈకల కిరీటాన్నే తీసుకోండి. ఆ జాతిలో పుట్టినవాడు కూడా దాన్ని ఊరికే పెట్టుకోడు, ఒక్కొక్క ఈకను సాహసంతో, సేవతో సంపాదించుకోవాలి. 1883లో అమెరికా ప్రభుత్వం ఆ ప్రజల నృత్యాలనూ క్రతువులనూ శిక్షార్హం చేసింది. వాళ్ళ మతస్వేచ్ఛకు చట్టరక్షణ వచ్చింది 1978లో. అటువంటి కిరీటాన్ని వినోదానికి పెట్టుకోవడాన్నీ, ఆహ్వానం మీద పెళ్ళిలో కిల్టు కట్టడాన్నీ ఒకే గాటన కట్టలేం. ఎవరు పిలిచారు, ఆ బట్టకు ఏ నియమం వుంది, దాన్ని పుట్టించినవారు ఇప్పుడు ఏ స్థితిలో వున్నారు అన్నవి తేల్చుకోవలసిన విషయాలు. కట్టేవాడి కులగోత్రాలు కావు.

ఈ ప్రశ్నలు మనకూ వర్తిస్తాయి. మన పాఠశాలల వార్షికోత్సవాలలో లంబాడీ నృత్యం మామూలు. అద్దాల ఫేటియా, కాంచళి అద్దెకు తెచ్చి పిల్లలకు తొడుగుతాం. పిల్లలు ఆడటంలో తప్పులేదు. కాని అదే తరగతిలో కూర్చున్న తండా పిల్లవాడి భాషను వెక్కిరిస్తూ, వాళ్ళ అమ్మ బట్టను మాత్రం వేదికమీద మెచ్చుకుంటే మనం చేస్తున్నది 1822 నాటి ఎడింబరో పనే.

రచయిత కూడా పాత్రలకు వేషం కట్టేవాడే. స్కాట్ ప్రతిభను ఎవరూ కాదనరు. కొండసీమ మీద అతని అభిమానం అబద్ధమనీ అనలేం. కాని అతను ఎడింబరో వేదికమీద నిలిపిన కొండవాడికి కిల్టు వుంది, కత్తి వుంది, నేల లేదు. ఆ నేల ఎవరు లాక్కున్నారన్న ప్రశ్నకు ఆ ఉత్సవంలో చోటు లేదు. గిరిజనుల గురించో, సంచారజాతుల గురించో రాసే మనవాళ్ళు పూసలనూ గవ్వలనూ వర్ణించి అక్కడితో ఆగితే అదే జరుగుతుంది. పరాయి జీవితం గురించి రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ బట్ట నేసినవారి బతుకు ఏమిటో, దాన్ని వారి ఒంటిమీదనుంచి ఎవరు తీయించారో తెలుసుకుని రాయడం మాత్రం రచయిత బాధ్యత.