వేదిక నిర్ణయాలు – సేకరణ వస్తువుల చిన్న విక్రేతలు

ఈ భాగాన్ని కిరాణా దుకాణాన్ని మనసులో పెట్టుకొని చదవకండి. అక్కడ ఒకే రకం సబ్బులు వంద ఉంటాయి. పాత తపాలా బిళ్ళలు, నాణేలు అమ్మేవారి దగ్గర చాలా వస్తువులు ఒక్కొక్కటే ఉంటాయి. వాటిని కోరుకునేవారు ఏ ఊళ్ళో ఉన్నారో తెలియదు. ఈ ఇద్దరినీ కలిపే వేదికగా 1995లో అమెరికాలో ఈబే మొదలైంది. అలా కలిపిన వేదికే నిబంధనలు మారిస్తే ఏమవుతుంది?

2008ని చూద్దాం. అప్పట్లో ఈబే వస్తువును వేలానికి పెట్టినప్పుడు నమోదు రుసుము, అమ్ముడైతే ధరపై కమీషన్ తీసుకునేది. ఆ ఏడాది అమెరికాలో మొదటిదాన్ని తగ్గించి, రెండోదాన్ని పెంచింది. వేలం ధరలో తొలి 25 డాలర్లపై కమీషన్ 5.25 నుంచి 8.75 శాతానికి చేరింది. అంటే 20 డాలర్లకు అమ్ముడైన తపాలా బిళ్ళపై 1.05 డాలర్లకు బదులు 1.75 డాలర్లు చెల్లించాలి. ఇంత చవక వస్తువుకు నమోదు రుసుములో మిగిలేది కొన్ని సెంట్లే. సరుకు ఎక్కువగా అమ్ముడుపోనివారికి ఈ మార్పు మేలే. సరుకును ఏరి పెట్టి, పెట్టినదంతా అమ్ముకోగల నేర్పరికే నష్టం.

నా దృష్టిలో ఇంతకంటే బరువైన మార్పు మరొకటి ఉంది. అదే ఏడాది మే నుంచి, కొనుగోలుదారుపై చెడు అభిప్రాయం నమోదు చేసే వీలు విక్రేతకు లేకుండా పోయింది. దీనికి కారణం లేకపోలేదు: విక్రేత కక్ష తీర్చుకుంటాడన్న భయంతో కొందరు కొనుగోలుదారులు నిజం రాసేవారు కారు. కానీ నాణెం ఎంత అరిగిందన్నది చూసే కంటినిబట్టి ఉంటుంది కదా! నెలకు పదివేల వస్తువులు అమ్మే సంస్థకు రెండు చెడు అభిప్రాయాలు లెక్కలోకి రావు. నలభై అమ్మేవారికి అవే ఐదు శాతం. ఫిబ్రవరిలోనే ఎందరో విక్రేతలు వారం పాటు అమ్మకాలు బహిష్కరించినా నిబంధన అమలులోకి వచ్చింది.

మన దేశంలో 2017లో ఈబే తన భారత వ్యాపారాన్ని ఫ్లిప్‌కార్ట్‌కు అప్పగించింది. 2018 ఆగస్టు 14న ఈబే.ఇన్ మూతపడింది. నిజాం కాలపు హాలీ సిక్కాలను ఇక్కడివారికే అమ్మే ఒక హైదరాబాదు వ్యాపారిని ఊహించండి. సరుకు ఇంట్లోనే భద్రంగా ఉంది. మరో వేదికకు వెళితే మాత్రం, ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న మంచి అభిప్రాయాలు వెంట రావు. అక్కడ పేరు వచ్చేదాకా నాణేలను తగ్గించి అమ్మవలసిందే. ఆ తగ్గింపును కూడా మీరు మార్పిడి వ్యయంలో కలిపి లెక్కించాలి.