చుక్క పడని ఊళ్లు

ఒక వైరస్ రకం ఫలానా ప్రాంతంలో ఉందని పటం చుక్కతో చూపినప్పుడు, అక్కడ దానికోసం ఎవరో వెతికారని కూడా అర్థం. ఈ రెండో సంగతిని పట్టించుకోనివారు చుక్కలు లేని చోట వైరస్ కూడా లేదనుకుంటారు. పైగా, తొలి చుక్క పడిన ఊరినే దాని పుట్టిల్లుగా భావిస్తారు.

కొవిడ్-19 వైరస్ జన్యుపదార్థంలో సుమారు 30 వేల అక్షరాలుంటాయి. అది మనిషి నుంచి మనిషికి పాకేటప్పుడు నకలులో తప్పులు దొర్లి, నెలకు సగటున రెండు మార్పులు నిలిచిపోతాయి, వీటినే ఉత్పరివర్తనాలంటారు. కొన్ని మార్పులు కలిసి ఒక శాఖగా స్థిరపడితే దాన్ని వేరియంట్ అంటారు. ఆర్టీపీసీఆర్ పరీక్ష వైరస్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది గనుక, అది ఏ రకమో తెలియాలంటే ఆ అక్షరాలన్నింటినీ వరుసగా చదివే జన్యుక్రమ విశ్లేషణ అవసరమవుతుంది. రెండు ఊళ్ల నమూనాల్లో ఒకే మార్పులు కనిపిస్తే వాటికి ఉమ్మడి మూలం ఉండవచ్చని ఊహించి, నమూనా తీసిన తేదీనీ చోటునూ దానికి జోడించి, శాఖ పాకిన దారిని అంచనా వేస్తారు. ఈ పని కోసం 2020 డిసెంబరులో కేంద్రం పది ప్రయోగశాలలతో ఇన్సాకాగ్ అనే కూటమిని ఏర్పరచగా, వాటిలో హైదరాబాదులోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ ఉన్నాయి.

ఇలా గీసిన పటాన్ని తప్పుగా చదివితే ఏమవుతుందో 2021 మేలో తెలుగువారికి అనుభవమైంది. వైరస్ స్పైక్ ప్రొటీన్‌లో 440వ స్థానంలోని ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు లైసిన్ చేరిన ఎన్440కె అనే మార్పు కలిగిన వైరస్‌కు ‘ఏపీ స్ట్రెయిన్’ అని పేరు పెట్టి, అది పదిహేను రెట్లు ప్రమాదకరమని ప్రచారం సాగించారు. ప్రయోగశాలలో పెంచిన కణాల్లో అది మరికొన్ని రకాలకంటే పది నుంచి వెయ్యి రెట్లు ఎక్కువగా వృద్ధి చెందినట్లు సీసీఎంబీ శాస్త్రవేత్తల అధ్యయనం చూపిన మాట నిజమే. అయితే గాజుపాత్రలో పెరుగుదల వేరు, మనుషుల్లో జబ్బు తీవ్రత వేరు. అదే సమయంలో సేకరించిన నమూనాల్లో ఎన్440కె తగ్గిపోతూ, తర్వాత డెల్టాగా ప్రసిద్ధమైన శాఖ దాని స్థానాన్ని ఆక్రమిస్తున్నట్లు తేలింది. అంటే భయపడవలసిన రకం వేరొకటి ఉండగా, పుకారు పాతదాని వెంట పడింది. ప్రాంతాల పేరిట నిందలు రాకూడదనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మే 31న వేరియంట్లకు గ్రీకు అక్షరాల పేర్లను ప్రకటించింది.

ఇక చుక్క పడని చోట్ల సంగతి. ఎన్టీఆర్ జిల్లాలో తిరువూరు దగ్గరి ఎ.కొండూరు మండలం, ముఖ్యంగా అక్కడి తండాలు, ఏళ్ల తరబడి మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నాయి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి కొవిడ్ తీవ్రమయ్యే ముప్పు ఎక్కువ గనుక, కొత్త రకం సంగతి ముందుగా తెలియవలసింది ఇటువంటి చోటే. కానీ విదేశీ ప్రయాణికులపై దృష్టి పెట్టిన నిఘా విమానాశ్రయాల చుట్టూ తిరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో తొలి ఒమిక్రాన్ కేసు 2021 డిసెంబరులో అలాగే ఒక విదేశీ ప్రయాణికుడి నమూనాలో బయటపడింది. దీనికి భిన్నంగా, మురుగునీటిని పరీక్షించే పద్ధతి వ్యక్తులను ఒక్కొక్కరిగా వెతకనక్కరలేకుండా జనసమూహాన్ని గమనిస్తుంది. 2020లో హైదరాబాదు మురుగునీటిని పరిశీలించిన సీసీఎంబీ, నగరంలోని మరో పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలో దాదాపు 6.6 లక్షల మంది వైరస్‌ను విసర్జిస్తున్నట్లు అంచనా కట్టారు. అయితే భూగర్భ మురుగు కాలువలు లేని పల్లెల్లో ఆ సదుపాయం కుదరదు. అక్కడ ఆసుపత్రికి వచ్చే రోగుల నమూనాలను క్రమం తప్పకుండా పంపడమే దారి. విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాలలో 2022 జనవరిలో జన్యుక్రమ ప్రయోగశాల మొదలవడంతో ప్రతి నమూనానూ హైదరాబాదుకు పంపవలసిన అవసరం తగ్గింది, కానీ మండల స్థాయిలో నమూనా తీసి, శీతలంగా భద్రపరచి, తేదీతో, ఊరి పేరుతో పంపే ఏర్పాటు లేకపోతే దగ్గరి ప్రయోగశాల కూడా ఎ.కొండూరు గురించి చెప్పగలిగేది ఏమీ ఉండదు.