లవంగాల దీవి జాంజిబార్

పలావు తింటుంటే పంటి కింద లవంగం పడిందా, ముఖం చిట్లించి పక్కన పెట్టేస్తాం. లవంగం పువ్వూ కాదు, కాయా కాదు. విచ్చుకోకముందే కోసి ఎండబెట్టిన మొగ్గ. విచ్చుకుందా, ఇక దానికి ధర పలకదు. అందుకే ఒక్కొక్క గుత్తినీ సమయం చూసి చేత్తోనే కోయాలి. ఎన్నో చేతులు కావాలి. జాంజిబార్ కథంతా ఆ చేతుల కథే.

ఆఫ్రికా తూర్పు తీరానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో హిందూ మహాసముద్రంలో ఉన్న దీవులివి. ఉంగూజా, పెంబా ముఖ్యమైనవి. మనకు వానలు తెచ్చే రుతుపవనాలే వీటికి చరిత్రనూ తెచ్చాయి. చలికాలంలో ఈశాన్యపు గాలికి తెరచాపలెత్తి అరేబియా నుంచీ, గుజరాత్ తీరం నుంచీ ఓడలు వచ్చేవి. నైరుతి గాలి తిరగ్గానే వెళ్ళిపోయేవి. గాలి తిరిగేదాకా ఆగాలి కదా! ఆగినవాళ్ళలో కొందరు అక్కడే కాపురాలు పెట్టారు. కిజింకాజీ అనే ఊళ్ళో మసీదు శాసనం 1107 నాటిది. అట్లా ఆఫ్రికా బంటూ భాషలో అరబ్బీ మాటలు కలిసి స్వాహిలీ పెరిగింది. మన మాటలూ దూరాయి. మన లక్ష అక్కడ 'లాకి'. దుకాణం 'దుకా'. చపాతీ చపాతీయే. మోటారు బండిని 'గారి' అంటారు, హిందీ గాడీ నుంచి. మీకు గారెలు గుర్తుకొస్తే నా పూచీ లేదు.

1698లో మొంబాసా కోటలో పోర్చుగీసువారిని ఓడించాక ఈ తీరం ఒమాన్ అరబ్బుల చేతికొచ్చింది. సుల్తాన్ సయ్యద్ సయీద్‌కు జాంజిబార్ ఎంత నచ్చిందంటే, 1830లలో రాజధానినే మస్కట్ నుంచి ఇక్కడికి మార్చేశాడు. ప్రతి కొబ్బరి చెట్టుకూ మూడు లవంగం మొక్కలు నాటాలనీ, నాటనివాడి భూమి జప్తు చేస్తాననీ హుకుం జారీ చేశాడంటారు. తోటలు పెరిగాయి. వాటిలో పనికి ఆఫ్రికా లోపలి ప్రాంతాల నుంచి మనుషుల్ని గొలుసులు కట్టి నడిపించుకొచ్చి బజార్లో పెట్టి అమ్మారు. ఆ తోటలకు అప్పులిచ్చిందీ, వాటిని తనఖా పట్టిందీ ఎవరు? చాలావరకు కచ్చీ, గుజరాతీ వర్తకులు. ఓడరేవు సుంకాల వసూలు కూడా జైరాం శివ్‌జీ కొట్టువారి గుత్తలో ఉండేది. 1935 దాకా అక్కడ చెల్లిన నాణెం రూపాయే. మనవాళ్ళ తెలివికి గర్వపడదామనుకుంటే, ఆ రూపాయి ఎక్కడ తిరిగి వచ్చిందో కూడా చూడాలి మరి.

1873లో బ్రిటిషువారి ఒత్తిడికి సుల్తాన్ బర్గాష్ బానిసల బజారు మూయించాడు. ఆ స్థలంలోనే చర్చి కట్టారు. కొరడా దెబ్బలు కొట్టిన చోటే బలిపీఠం ఉందని చెబుతారు. బానిసత్వాన్ని చట్టం రద్దు చేసింది మాత్రం 1897లో.

ఇప్పుడు ఒక పాటగత్తె సంగతి. తారబ్ అనే సంగీతం బర్గాష్ కొలువులో ఈజిప్టు పద్ధతిలో మొదలైంది. అరబ్బీలో పాడేవారు, దొరలు వినేవారు. దాన్ని వీధిలోకి తెచ్చింది కుండలు చేసుకు బతికే బానిస వంశపు పిల్ల. పుట్టినప్పుడు ఆమెకు పెట్టిన పేరు 'మ్‌తుమ్వా'. అంటే బానిస! పట్నం వచ్చి పాట నేర్చుకున్నాక జనం పెట్టిన పేరు 'సితీ', అంటే దొరసాని. సితీ బింతి సాద్ స్వాహిలీలో పాడింది. 1928లో బొంబాయి వెళ్ళి గ్రామఫోను రికార్డులిచ్చింది. ఒక స్త్రీ హత్య కేసులో హంతకుడు తప్పించుకుపోగా సాక్ష్యం చెప్పిన ఆడవాళ్ళకే శిక్ష పడితే, ఆ అన్యాయం మీద ఆమె పాడిన పాట ఊరంతా పాడుకుంది. చదువు రాని మనిషి అంత పని చేసిందంటే ఆశ్చర్యం కాదూ!

పాట కలిపినంత సులువుగా భూమి కలపలేదు. 1963 డిసెంబరు 10న స్వాతంత్ర్యం వచ్చింది. నెల తిరిగిందో లేదో, 1964 జనవరి 12న తిరుగుబాటు. సుల్తాన్ పారిపోయాడు. అరబ్బులూ, భారతీయులూ వేలల్లో చనిపోయారు. తోటలో చెమటోడ్చినవాడి కోపం అర్థమవుతుంది. కానీ చిల్లర కొట్టు పెట్టుకున్నవాడూ, ఏ తోటా లేని బీదవాడూ కూడా అందులో పోయారు. ఆ ఏప్రిల్‌లోనే దీవులు టాంగన్యీకాతో కలిశాయి. అదే నేటి టాంజానియా. ఆ అల్లకల్లోలం తర్వాత దీవి విడిచి ఇంగ్లండు చేరిన అబ్దుల్ రజాక్ గుర్నా నవలలకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది.

పాత పట్నం సందుల్లో ఇత్తడి బొడిపెలు పొదిగిన చెక్కడపు తలుపులు ఇప్పటికీ ఉన్నాయి. 1883లో కట్టిన 'వింతల మేడ' మాత్రం 2020లో కొంత కూలిపోయింది. మన మద్రాసు ఐ.ఐ.టి. దేశం బయట పెట్టిన మొదటి శాఖ 2023లో మొదలైంది ఈ దీవిలోనే. మనలో ఎవరైనా అక్కడ చదువుకో, ఉద్యోగానికో వెళ్తే ఏదో ఒక దుకాలో కూర్చుని 'చాయ్' అడగండి. మాట అర్థం కాకపోవటమంటూ ఉండదు. చాయ్ వచ్చేలోగా సితీ పాట ఒకటి పెట్టమనండి.