పెట్రోల్: నార్మలా.. పవరా? ఎక్కువ డబ్బులు పెడితే బండికి నిజంగా లాభమేనా? అసలు విషయం ఇదీ..

బంకులో బండి ఆపగానే "నార్మలా.. పవరా?" అని అడుగుతుంటారు. పవర్ పెట్రోల్ కొట్టిస్తే పికప్, మైలేజీ పెరుగుతాయని చాలామంది నమ్మకం. ఇంకొందరు పక్కనే బంకు ఉన్నా.. ఫలానా కంపెనీదే కావాలని రెండు కిలోమీటర్లు ఎక్కువ వెళ్తారు. ఇంతకీ కంపెనీని బట్టి పెట్రోల్ క్వాలిటీ మారుతుందా?

కంపెనీ మారితే పెట్రోల్ మారుతుందా?

నార్మల్ పెట్రోల్‌లో పెద్దగా తేడా ఉండదు. ప్రభుత్వ కంపెనీ అయినా, ప్రైవేట్ కంపెనీ అయినా బీఐఎస్ ప్రమాణాల ప్రకారమే అమ్మాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ఇంధనమే. అందులో సల్ఫర్ 10 పీపీఎం దాటకూడదు.

పైగా రవాణా ఖర్చు తగ్గించుకోవడానికి ఒక కంపెనీ రిఫైనరీ పెట్రోల్‌ను మరో కంపెనీ తీసుకోవడం మామూలే. ఉదాహరణకు తెలంగాణలో రిఫైనరీయే లేదు. విశాఖలోని హెచ్‌పీసీఎల్ రిఫైనరీ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వరకు పైప్‌లైన్ ఉంది. అంటే బోర్డు మీద ఒక పేరు ఉన్నా, లోపల పెట్రోల్ ఇంకో కంపెనీ రిఫైనరీది కావచ్చు.

మరి ప్రీమియంలో ఏముంది?

ఎక్స్‌పీ95, స్పీడ్, పవర్.. పేర్లు ఏవైనా ఉండేవి రెండే. ఒకటి ఎక్కువ ఆక్టేన్, రెండోది ఇంజిన్‌ను శుభ్రంగా ఉంచే అడిటివ్స్.

ఆక్టేన్ అంటే బలం కాదు. ఇంజిన్‌లో ఒత్తిడికి పెట్రోల్ టైమ్ కంటే ముందే మండిపోకుండా తట్టుకునే గుణం. అలా ముందే మండితే టకటకమని శబ్దం వస్తుంది. దాన్నే నాకింగ్ అంటారు. టర్బో, హై కంప్రెషన్ ఇంజిన్లకు ఎక్కువ ఆక్టేన్ అవసరం. మామూలు కమ్యూటర్ బైక్‌కు, స్కూటీకి పోస్తే అదనంగా ఒరిగేదేమీ ఉండదు.

ఇక్కడ ఇంకో మాట. బీఎస్-6 నార్మల్ పెట్రోల్ ఆక్టేన్ 91. 20 శాతం ఇథనాల్ కలిపాక అది 95కు చేరిందని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో చెప్పింది. అంటే 95 ప్రీమియంకు, నార్మల్‌కు ఆక్టేన్‌లో ఉన్న తేడా చాలావరకు తగ్గిపోయినట్టే. ఇక మిగిలింది అడిటివ్స్. ఇంజెక్టర్లలో మసి పేరుకోకుండా ఇవి కొంత పనికొస్తాయి. కానీ మైలేజీ అమాంతం పెరిగిపోదు.

లెక్క వేసుకోండి

లీటరుకు రూ.7 ఎక్కువ అనుకుందాం. నెలకు 30 లీటర్లు కొట్టిస్తే రూ.210. ఏడాదికి రూ.2,520. ఆ డబ్బుతో మామూలు బైక్‌కు సర్వీసింగ్ చేయించొచ్చు. బండితో ఇచ్చిన మాన్యువల్‌లో 95 ఆక్టేన్ అని రాసి ఉంటే మాత్రం అదే వాడాలి.

చూడాల్సింది బ్రాండ్ కాదు.. బంకు!

రిఫైనరీలో బాగున్న పెట్రోల్ బంకులో పాడవ్వొచ్చు. కల్తీ జరగొచ్చు, వానాకాలంలో భూమిలోని ట్యాంకులోకి నీళ్లు చేరొచ్చు. ఇథనాల్ నీటిని లాగేసుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరుతుంది. అది బండిలోకి వెళ్తే స్టార్టింగ్ ట్రబులే.

అనుమానం వస్తే ఇలా చేయండి:

* ఫిల్టర్ పేపర్ అడగండి. చుక్క పెట్రోల్ వేస్తే మరక లేకుండా ఆరిపోవాలి. మరక మిగిలితే కల్తీ అని అనుమానించాలి.

* డెన్సిటీ చెక్ చేయించండి. బంకు రికార్డులో ఉన్న అంకెకు, టెస్ట్‌లో వచ్చిన అంకెకు తేడా 3 పాయింట్లు దాటకూడదు.

* కొలతపై డౌట్ ఉంటే 5 లీటర్ల కొలపాత్రలో పోయించండి. 25 మిల్లీలీటర్లకు మించి తక్కువ రాకూడదు.

ఈ పరీక్షలు అడగడం మీ హక్కు, దీనికి డబ్బులు కట్టక్కర్లేదు. కాదంటే బిల్లు దగ్గర పెట్టుకుని, బంకులో బోర్డుపై ఉన్న కంపెనీ నంబర్‌కు గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు గానీ ఫోన్ చేయండి. బిల్లు లేకపోతే ఫిర్యాదు నిలబడటం కష్టం. అందుకే పెట్రోల్ కొట్టించిన ప్రతిసారీ బిల్లు అడిగి తీసుకోండి.