కనక్ జనులు

పసిఫిక్ మహాసముద్రమున, ఆస్ట్రేలియాకు తూర్పుగా, ఫ్రాన్సు పాలనలో న్యూ కాలెడోనియా యను ద్వీపసముదాయము కలదు. అచటి ఆదిమవాసులను కనక్ జనులందురు. హవాయి భాషలో 'కనక' యనగా మనుష్యుడని యర్థము. వలసవచ్చిన తెల్లవారు చిరకాలము దీనిని తిట్టుగా వాడిరి. 1970 ప్రాంతమున ఆ జనులే యా పేరును గైకొని గౌరవనామముగ జేసికొనిరి. ఆ వృత్తాంతమునే నేడు నేను క్లుప్తముగ మనవి చేయుదును.

కనక్ జనులది ఒక్క భాష కాదు, 28 భాషలు. పెండలపు సాగే వారికి పంచాంగము. మేనమామకు వారి సంఘమున విశేష గౌరవము కలదు. ఇది తెలుగువారికి వింతగా దోపదు. పరుల యూరికి బోవువాడు ముందుగా గృహస్థుల యెదుట చిన్న కానుక నుంచి, తానెవరో, యేల వచ్చెనో విన్నవించుకొనవలెను. ఇది వారి ప్రధానమైన మర్యాద.

1853లో ఫ్రాన్సు ఈ ద్వీపములను వశపరచుకొన్నది. 1864 మొదలు 1897 వరకు నేరస్థుల నోడలపై నిచటికి బంపినది. 1871 నాటి పారిస్ తిరుగుబాటుదారులును, అల్జీరియా వీరులును వారితో గలిసిరి. నికెల్ గనులకై జపాను, జావా, వియత్నాముల నుండి కూలీలు వచ్చిరి. రీయూనియన్ ద్వీపము మీదుగా చెఱకు తోటలకు వచ్చిన భారతీయులును గలరు. ఇందఱికి భూమి యెచ్చటిది? కనక్ జనులను రిజర్వు భూములకు నెట్టగా మిగిలినది. 1878లో అతాయి యను నాయకుడు తిరుగబడి హతుడయ్యెను. అతని శిరస్సును ఫ్రాన్సునకు గొనిపోయిరి. అది 2014లో గాని స్వస్థలము చేరలేదు.

2019 జనాభా లెక్కలలో మొత్తము 2,71,407 మంది. అందు కనక్ జనులు నూటికి 41, ఐరోపీయులు 24, వాలిస్-ఫుటునా ద్వీపులు 8. తాము మిశ్రజాతివారమని చెప్పుకొన్నవారు 11. ఏ జాతికిని సగము లేదు. కావుననే వోటు ఎవరికన్న ప్రశ్న ప్రాణసమానమైనది. 1998 నాటి నూమెయా యొడంబడిక దీర్ఘకాల నివాసులకే యా హక్కునిచ్చెను. స్వాతంత్ర్యము వలదనినవారు 2018లో నూటికి 56.7, 2020లో 53.3. కోవిడ్ మృతులకై దుఃఖించుచు వాయిదా గోరిన కనక్ పక్షములు 2021 నాటి వోటింగును బహిష్కరించెను. 2024 మేలో వోటర్ల పట్టికను విస్తరింపబూనగా అల్లర్లు చెలరేగి ప్రాణనష్టము గలిగినది.

నా యభిప్రాయమున చిక్కు ఇది: 1853లో వచ్చినవారు గృహస్థుల యనుమతి నడుగలేదు. అయినను, సంకెళ్లతో దేబడిన వాని మునిమనుమడు ఆ నేలనే పుట్టెను. వానికి వేఱొక యిల్లు లేదు. కనక్ జనుల మర్యాదలో అతిథి ముందుగా దన పేరు చెప్పుకొనును. గృహస్థుడు పిదప లోనికి బిలుచును. ఆ వరుస తప్పినందుననే యీ కలహము. దానిని మరల సరిజేయుట యుభయుల చేతిలోను గలదు.