కిరాయి ఇవ్వనివాళ్ళను ఖాళీ చేయించడం ఎలా?



మన గోదావరిఖనిలో ఇల్లుగలవాళ్ళంటే పెద్ద జమీందార్లేమీ కాదు. ముప్ఫై ఏళ్ళు బాయిలోకి దిగి, రిటైరైనప్పుడు చేతికొచ్చిన పైకంతో మార్కండేయ కాలనీలోనో, లక్ష్మీనగర్‌లోనో నాలుగు గదులు వేసుకున్నవాళ్ళే ఎక్కువ. రెండు గదుల్లో తాముండి, రెండు గదులు కిరాయికిస్తారు. ఆ కిరాయే మందులకూ, కరెంటు బిల్లుకూ ఆధారం. అది రెండు నెలలు ఆగిందంటే ఇంటామెకు కంటిమీద కునుకుండదు. మూడోనెల కూడా ఆగితే సలహాలు మొదలవుతాయి. "వాళ్ళు బజారుకు పోయినప్పుడు తాళం వెయ్యి. ఫ్యూజు పీకెయ్యి. నల్లా బందుపెట్టు. వాళ్ళే పోతారు" అంటారు ఇరుగుపొరుగువాళ్ళు.

ఆ సలహా మాత్రం వినకండి. ఇల్లు మనదే, కాదనేవారు లేరు. కాని కిరాయికిచ్చిన తర్వాత స్వాధీనం వాళ్ళది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ప్రకారం, బలవంతంగా వెళ్ళగొట్టబడ్డ మనిషి ఆరు నెలల లోపల దావా వేయవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్న రాదు. ఎవరు ఉంటున్నారు, ఎవరు వెళ్ళగొట్టారు అన్నదొక్కటే చూసి, వాళ్ళను మళ్ళీ ఆ ఇంట్లోనే పెడతారు. నీళ్ళూ కరెంటూ ఆపడం కూడా అద్దె చట్టం ఒప్పుకోని పనే. అంటే కిరాయి రావలసిన మనమే తప్పుచేసినవాళ్ళమై కోర్టులో నిలబడతాం.

మరి కిరాయి ఇవ్వకపోతే చూస్తూ ఊరుకోవాలా అంటారా? అక్కర్లేదు. దానికొక దారి ఉంది. కాస్త నెమ్మదైన దారే గాని, వరసగా పోతే గమ్యం చేరుస్తుంది.

మన రాష్ట్రంలో పట్టణాల ఇళ్ళకు 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం ఒకటుంది. కిరాయి తగాదాలు వినే అధికారిని రెంట్ కంట్రోలర్ అంటారు. పేరు చూసి వేరే ఆఫీసు అనుకోకండి. మామూలుగా జూనియర్ సివిల్ జడ్జిగారే ఆ పని చూస్తారు. కిరాయి కట్టకపోవడం ఖాళీ చేయించడానికి ఆ చట్టంలో మొట్టమొదటి కారణం.

అయితే ఎన్నిరోజులు ఆలస్యమైతే కట్టనట్టు లెక్క? ఫలానా తేదీకి ఇవ్వాలని ఒప్పందం ఉంటే, ఆ తేదీ దాటి పదిహేను రోజులు గడవాలి. ఐదో తారీకు అని రాసుకుంటే ఇరవయ్యో తారీకు దాకా ఆగాలన్నమాట. ఒప్పందమే లేకపోతే తర్వాతి నెల ఆఖరు రోజు వరకూ గడువు. జనవరి కిరాయికి ఫిబ్రవరి ఆఖరు దాకా మనం నోరెత్తడానికి లేదు. అందుకే తేదీ వేసి ఒప్పందం రాసుకోవడం మనకే మేలు.  

ఇక రసీదు సంగతి. "రసీదెందుకమ్మా, మనలో మనం" అని మనమే అంటాం. కిరాయి ఇచ్చినవారికి సంతకం చేసిన రసీదు పొందే హక్కు చట్టమే ఇచ్చింది. ఇవ్వడం మనకూ మంచిదే. బజార్లో దొరికే చిన్న రసీదు పుస్తకం కొనండి. మనదగ్గర మిగిలే ముక్కమీద కిరాయివాళ్ళ సంతకం పెట్టించండి. ఏనెల వచ్చింది, ఏనెల రాలేదు అన్నది అక్కడే తేలిపోతుంది. ఫోనులో డబ్బు పంపేవాళ్ళయితే బ్యాంకు ఖాతా వివరాల కాగితం అట్టిపెట్టుకోండి. పాత బాకీకి మూడేళ్ళ గడువు ఉంది, అది దాటితే దావా చెల్లదు. "తర్వాత చూద్దాంలే" అని ఏళ్ళు గడపకండి.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది అడ్వాన్సు. నాలుగైదు నెలల అడ్వాన్సు పట్టుకుని, రెండు నెలల కిరాయి రాలేదని కేసు వేస్తే నిలుస్తుందా? గూడూరులోని మోడరన్ హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. చట్టం ఒప్పుకున్నదానికి మించిన అడ్వాన్సు ఇంటాయన దగ్గరే ఉండగా కిరాయి ఎగ్గొట్టారనడం కుదరదన్నది. కేసుకు పోయేముందు మన దగ్గరున్న అడ్వాన్సెంత, రావలసిన బాకీ ఎంత అని లెక్క చూసుకోవాలి.

రెండోది, ఎలాగైనా ఖాళీ చేయించాలని వాళ్ళు ఇచ్చే కిరాయి తీసుకోకుండా తిప్పికొట్టడం. ఈ ఎత్తు పారదు. తీసుకోకపోతే, ఏ బ్యాంకులో వెయ్యాలో చెప్పమని వాళ్ళు మనకు నోటీసివ్వవచ్చు. పదిరోజుల్లో మనం చెప్పకపోతే మనియార్డరు చేయవచ్చని చట్టంలో రాశారు. అదీ వద్దంటే రెంట్ కంట్రోలర్ దగ్గర జమకడతారు. అప్పుడిక వాళ్ళు ఎగ్గొట్టినట్టు ఎలా అవుతుంది?

ఇవన్నీ సరిచూసుకున్నాక వకీలుచేత నోటీసు ఇప్పించండి. ఏయే నెలల బాకీ, మొత్తం ఎంత, ఎన్నాళ్ళలో కట్టాలి అన్నది స్పష్టంగా రాయించాలి. అందినట్టు సంతకం వచ్చేలా పోస్టులో పంపాలి. అద్దె చట్టం కింద వేసే కేసుకు ఇల్లు విడిచి పొమ్మనే నోటీసు తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు 1979లోనే చెప్పింది. అయినా నోటీసు అందుకున్న తర్వాత కూడా కట్టలేదంటే, కావాలనే కట్టలేదని చూపడానికి అదే మంచి సాక్ష్యం.

ఆ "కావాలనే" అన్న మాట దగ్గరే కేసంతా ఉంటుంది. కిరాయివాళ్ళు బుద్ధిపూర్వకంగా ఎగ్గొట్టలేదని జడ్జిగారికి తోస్తే, బాకీ కట్టడానికి పదిహేను రోజులకు మించకుండా గడువిస్తారు. కట్టేస్తే మన పిటిషన్ కొట్టేస్తారు. తెలిసి తెలిసి, ఉద్దేశపూర్వకంగా చేసినదే ఎగవేత అని 1985లో సుందరం పిళ్ళై కేసులో సుప్రీంకోర్టు వివరించింది. అది తమిళనాడు చట్టం మీద వచ్చిన తీర్పు. అప్పటి అక్కడి చట్టంలోనూ ఇదే మాట ఉండేది.

ఈ తేడా మన ప్రాంతంవాళ్ళకు ఇంకొకరు చెప్పాలా? 1999లో రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఎన్ని సంసారాలు తలకిందులయ్యాయో చూశాం. 2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైనప్పుడు బొగ్గుబాయి కార్మికులు వారాల తరబడి పనికి పోలేదు. జీతం లేని నెలలో కిరాయి ఆలస్యమైతే, అది ఎగవేత కాదని మనకూ తెలుసు. జీతం ప్రతినెలా అందుతూ, కొత్త టీవీ కొంటూ, మన కిరాయి దగ్గర మాత్రం "వచ్చేనెల చూద్దాం" అనేవాళ్ళ సంగతి వేరు. చట్టం పట్టుకునేది ఈ రెండోవాళ్ళను. కోపం రాగానే కోర్టుకు పోకుండా, మన ఇంట్లో ఉన్నది ఏ రకం మనుషులో మనం ముందు ఆలోచించుకోవాలి.

పిటిషన్ వేశాక ఇంకో మంచి ఏర్పాటుంది. కిరాయివాళ్ళు కేసు నడుపుతామంటే బాకీ మొత్తం కట్టాలి, కేసు జరిగినన్నాళ్ళూ నెలనెలా కిరాయి కడుతుండాలి. సరైన కారణం చూపకుండా అదీ కట్టకపోతే, కంట్రోలర్ ఇక విచారణ ఆపి ఖాళీ చేయమని ఆర్డరు వేయవచ్చు. ఆర్డరు మీద ముప్ఫై రోజుల్లో అప్పీలుకు పోయే హక్కు వాళ్ళకుంటుంది. అప్పటికీ కదలకపోతే కోర్టు అమీను వచ్చి ఇల్లు మనకు స్వాధీనం చేస్తాడు. మన మనుషులు పోయి సామాను బయట పడెయ్యడం అప్పుడు కూడా పనికిరాదు.

ఒక్క విషయం ముందే కనుక్కోవాలి. ఈ చట్టం అన్ని ఇళ్ళకూ వర్తించదు. 2005లో చేసిన సవరణ ప్రకారం కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, ఇతర పట్టణాల్లో 2,000 రూపాయలు దాటిన కిరాయి ఇళ్ళను దీనినుంచి తప్పించారు. కొత్తగా కట్టిన ఇళ్ళకూ కొన్నేళ్ళ మినహాయింపు ఉంది. రామగుండం ఇప్పుడు కార్పొరేషనే. మీ ఇల్లు ఈ చట్టం కిందికి రాకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది. నెలవారీ కిరాయి అయితే పదిహేను రోజుల నోటీసుతో ఒప్పందం రద్దుచేసి, సివిల్ కోర్టులో దావా వెయ్యాలి. అక్కడ మాత్రం నోటీసు తప్పనిసరి. దారి తప్పి వేస్తే ఏళ్ళు గడిచాక మళ్ళీ మొదటికొస్తుంది. కంపెనీ క్వార్టర్ల సంగతి వేరు, అవి ఉద్యోగంతో వచ్చినవి.

మన దగ్గర పట్టా లేని జాగాల్లో కట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. "నీకు పట్టా ఎక్కడిది, నీకెందుకు కిరాయి?" అని బెదిరించేవాళ్ళుంటారు. భయపడకండి. కిరాయిదారుగా ఇంట్లో కాలుపెట్టిన మనిషి, అందులో ఉంటూనే ఇంటివారి హక్కును కాదనడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. కిరాయికి వచ్చారనడానికి మాత్రం రుజువు కావాలి. అక్కడ కూడా ఆదుకునేది ఆ రసీదు పుస్తకమే.

వకీలు ఫీజు ఎక్కడినుంచి తెచ్చేదని వెనకాడే అక్కలకు ఒక మాట. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. గోదావరిఖని కోర్టుకు పోయి న్యాయసేవల కమిటీ ఎక్కడని అడగండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడుకునే వీలూ ఉంది. అక్కడ ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలుండదు. "ఇంత బాకీ, ఇన్ని వాయిదాలు, ఫలానా తేదీకి ఖాళీ" అని తేల్చుకుంటే, రేపు బజార్లో ఎదురుపడ్డా ఇద్దరూ ముఖం తిప్పుకోనక్కర్లేదు.

కిరాయివాళ్ళు బాగా కడుతున్నప్పుడే రసీదులు రాయడం మొదలుపెట్టండి. తగాదా వచ్చాక రాసిన కాగితాన్ని ఎవరూ నమ్మరు. వచ్చేనెల కిరాయి అందుకునేటప్పుడే మొదటి రసీదు రాసివ్వండి. సెలవు.