మణికట్టుకు కొత్త కీలు... ఇంటికొచ్చాకే అసలు పని!

అన్నం కలపాలన్నా, జడ వేయాలన్నా, తాళం తీయాలన్నా మణికట్టు తిరగాల్సిందే. కీళ్లవాతం ముదిరి ఆ కీలు అరిగిపోతే ఈ చిన్న పనులే చుక్కలు చూపిస్తాయి. మందులు, ఇంజెక్షన్లు, పట్టీలు పనిచేయనప్పుడు కొందరికి వైద్యులు కీలు మార్పిడి సూచిస్తారు. మోకీలు మార్పిడి గురించి ఊరూరా తెలుసు. మణికట్టుది మాత్రం అరుదు. అవనిగడ్డ లాంటి చోట్ల నుంచి ఆపరేషన్‌కి నగరానికి వెళ్లొచ్చినా, కోలుకోవాల్సింది ఇంట్లోనే.

ఏనుగుదంతంతో మొదలు

ఈ ప్రయత్నం నిన్నమొన్నటిది కాదు. 1890లోనే బెర్లిన్‌లో థెమిస్టోక్లెస్‌ గ్లుక్‌ అనే సర్జన్‌ క్షయతో పాడైన మణికట్టులో ఏనుగుదంతపు కీలు అమర్చాడు. 1960ల చివర్లో అమెరికా వైద్యుడు ఆల్ఫ్రెడ్‌ స్వాన్సన్‌ సిలికాన్‌ కీళ్లు తెచ్చాడు. ఇప్పుడు వాడేవి ఎక్కువగా లోహంతో చేసినవి. ఒక భాగం ముంజేతి ఎముక చివర, మరొకటి అరచేతి వైపు బిగిస్తారు. రెంటి మధ్యా నున్నటి, గట్టి ప్లాస్టిక్‌ ఉంటుంది.

మొదటి మూడు నెలలు

ఆపరేషన్‌ అయ్యాక చేతికి కట్టు వేస్తారు. తొలి రోజుల్లో చేతిని గుండెకంటే ఎత్తులో, దిండు మీద ఉంచితే వాపు తగ్గుతుంది. మణికట్టుకు విశ్రాంతే కానీ వేళ్లకు కాదు! వైద్యులు చెప్పినట్టు వేళ్లు ముడిచి చాపుతుండాలి. మోచేయి, భుజం కూడా కదపాలి. లేదంటే అవి బిగుసుకుపోతాయి.

కుట్లు సాధారణంగా రెండు వారాల్లో తీస్తారు. తర్వాత కొన్ని వారాలు పట్టీ తప్పదు. మణికట్టును ఎప్పుడు కదపాలన్నది వాడిన కీలును బట్టి, ఎముక గట్టిదనాన్ని బట్టి సర్జన్‌ చెబుతారు. పిడికిలి బలం పెంచే వ్యాయామాలు ఆ తర్వాతే. నొప్పి తగ్గింది కదా అని ముందే మొదలెడితే మొదటికే మోసం. కుడిచేతికి ఆపరేషనైతే కొన్నాళ్లు ఎడమచేత్తో చెంచా పట్టుకోక తప్పదు.

జ్వరం, గాయం దగ్గర ఎరుపు, చీము, తగ్గని వాపు, వేళ్లలో తిమ్మిరి... ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కీళ్లవాతం మందులు సొంతంగా ఆపడం, మళ్లీ మొదలెట్టడం రెండూ తప్పే.

బిందె సంగతేంటి?

ఈ ఆపరేషన్‌తో నొప్పి తగ్గుతుంది, మణికట్టు కొంత వంగుతుంది. పాత బలం మాత్రం రాదు. చాలామంది సర్జన్లు నాలుగైదు కిలోలకు మించి ఎత్తొద్దంటారు. పది లీటర్ల బకెట్టు నిండితే నీళ్ల బరువే పది కిలోలు! ఆ చెయ్యి నేలకు ఆనించి పైకి లేవకూడదు. బస్సెక్కేటప్పుడు ఆ చేత్తో కమ్మీ పట్టుకుని ఒళ్లంతా లాక్కోకూడదు. బరువు పడేకొద్దీ లోపలి భాగాలు వదులై, మళ్లీ ఆపరేషన్‌ అవసరం కావచ్చు. ఇవి జీవితాంతం పాటించాల్సిన జాగ్రత్తలు.

దివిసీమ పొలాల్లో నాట్లేసేవారికీ, పెడనలో కలంకారీ అచ్చు మీద చేత్తో గుద్ది అద్దకం వేసేవారికీ ఇవి కుదిరే షరతులేనా? రోజూ బరువు పని తప్పనివాళ్లకు వైద్యులు తరచూ మరో దారి చెబుతారు. అదే కీలును అతికించేయడం. అప్పుడు మణికట్టు వంగదు. కానీ నొప్పి పోతుంది, చెయ్యి బరువును ఓర్చుకుంటుంది. వేళ్లు ఎప్పటిలాగే ముడుచుకుంటాయి.

అందుకే ఆపరేషన్‌కి ముందే రోజూ చేసే పనులన్నీ వైద్యుడికి చెప్పాలి. ఆ మాటలు ఇంట్లోవాళ్లూ వినాలి. బిందె ఇకపై ఎవరు మోస్తారో తేలేది ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే!